చారిగారికి నేనిచ్చిన మిషను

లింగాచారి మా కొట్టుకు మొదటిసారి వచ్చింది 2012 మార్చిలో, మిట్టమధ్యాహ్నం, కరెంటు కోత వేళ. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక్క మిషను చప్పుడు లేదు. నేను చెమటలు కక్కుకుంటూ, కరెంటు ఆఫీసును మనసారా తిట్టుకుంటూ, అట్టముక్కతో విసురుకుంటున్నాను. తలెత్తేసరికి గుమ్మంలో బక్కపల్చటి పెద్దమనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. తెల్ల పంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా, నుదుట విభూతి. కుడిచేతిని కండువాలో చుట్టుకున్నాడు. దెబ్బ తగిలిందేమో అనుకున్నాను.

“సేటూ, వేలాడే మోటరు ఉన్నదా?” అన్నాడు.

నన్ను సేటూ అంటే నాకు నవ్వొస్తుంది. నా పేరు గిరిప్రసాద్. మాది తణుకు దగ్గర పల్లెటూరు. తొంభై ఆరులో ఈ ఊరొచ్చి, ఒక బేరింగుల కంపెనీలో గుమాస్తాగా చేసి, చివరికి ఇక్కడ పనిముట్ల కొట్టు పెట్టుకున్నాను. డ్రిల్లు బిట్ల నుంచి గ్రైండర్ల దాకా ఏది కావాలన్నా నా దగ్గర దొరుకుతుంది. పదడుగుల కొట్టుకు సేటునయ్యాను గానీ, ఇప్పటికీ ఎవరైనా అలా పిలిస్తే వెనక ఎవరున్నారా అని చూస్తాను.

ఆయన అడిగింది ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ మిషను. చిన్న మోటారును కొక్కేనికి వేలాడదీస్తారు. దాని నుంచి నల్లటి రబ్బరు గొట్టం కిందికి దిగుతుంది. గొట్టం లోపల ఉక్కు తీగ గిర్రున తిరుగుతూ ఉంటుంది. చివర కలంలా పట్టుకునే పిడి, ఆ పిడికి సన్నటి బిట్టు. కింద పెడల్‌ను కాలితో నొక్కితే స్పీడు పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. మోటారు పైనెక్కడో వేలాడుతుంది కాబట్టి దాని బరువు చేతి మీద పడదు. పళ్ల సెట్లు కట్టేవాళ్లు, అచ్చులు చెక్కేవాళ్లు, బంగారం పనివాళ్లు కొంటారు.

నాకో జబ్బుంది. మిషను అడిగిన మనిషిని ఎందుకూ అని అడగను, ఉపన్యాసం మొదలుపెడతాను. ఆ రోజూ అంతే. ఇది నిమిషానికి ఇరవై వేల చుట్లు తిరుగుతుంది, అది ముప్పై వేలు, ఈ పిడి పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండదు అంటూ ఊదరగొట్టేశాను. ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు. విని, “ఎంత మెల్లగ తిరుగుతది?” అన్నాడు.

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

“పిడి జర బరువున్నది లేదా?”

“బరువెందుకండీ? చెయ్యి నొప్పెడుతుంది.”

“నొప్పైతే గానియ్. చెయ్యి జర అటిటైతే గీత తప్పుతదా, ఆగుతదా?”

నేను పెద్దగా నవ్వాను. “గీసేది మీ చెయ్యి కదండీ. పాపం మిషనుకేం తెలుసు?” అన్నాను. ఆయన నవ్వలేదు. ధర కూడా అడక్కుండా, మళ్లొస్తానని వెళ్లిపోయాడు. బేరమాడకుండా పోయినవాడు ఇక రాడని నేను ఆ సంగతి మర్చిపోయాను.

వారం తిరక్కుండా వచ్చాడు. ఈసారి కరెంటుంది. మూడు రకాల మిషన్లు వరసగా వేలాడదీసి చూపించాను. మొదటిది చవకరకం, లోపలి తీగ సన్నం, తిరిగేటప్పుడు పిడి జలదరిస్తుంది. రెండోది మంచి కంపెనీది, మహా స్పీడు. మూడోది లావుపాటి పిడిది, స్పీడు తక్కువ, ఎంత నొక్కి పట్టినా మొండిగా తిరుగుతుంది. ఒక్కొక్క పిడినీ ఎడమ అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కుడిచెయ్యి మాత్రం కండువాలోంచి బయటికి రాలేదు. మూడోదాన్ని రెండుసార్లు చూసి, మళ్లీ ఏమీ కొనకుండా లేచాడు.

నాకు ఒళ్లు మండింది. “చారిగారూ, పెళ్లిచూపులకైనా ఇన్నిసార్లు తిరగరండీ,” అన్నాను.

“పెండ్లిసూపులల్ల తప్పైతె ఒకల బతుకే పోతది సేటూ. దీంట్ల తప్పైతె నా ఇల్లంత పోతది,” అన్నాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఒక మిషను కోసం ఇంత మాటేమిటని నేను కొట్టులో ఒంటరిగా కాసేపు విసుక్కున్నాను.

మూడోసారి వచ్చినప్పుడు జేబులో అరచెయ్యంత రాగిరేకు తెచ్చుకున్నాడు. దాని మీద పెన్సిలుతో ఒక కన్ను గీసి ఉంది. కొట్టులో ఇంకెవరూ లేరని రెండుసార్లు చూసుకుని, లావుపాటి పిడిని కుడిచేత్తో పట్టుకున్నాడు. నేను పెడల్ నొక్కాను. బిట్టు రేకును తాకిందో లేదో, పెన్సిలు గీతను వదిలేసి పక్కకు పాకింది. పిడి పట్టు వదులైందనుకుని బిగించాను. మళ్లీ పాకింది. బిట్టు మార్చాను. గొట్టం మడతపడిందేమోనని మోటారును ఇంకో కొక్కేనికి మార్చాను. పావుగంట సేపు నా వైద్యమంతా మిషనుకే చేశాను. చివరికి విసుగుపుట్టి స్విచ్చి ఆపేశాను. అప్పుడు చూశాను. మిషను ఆగిపోయినా పిడి ఆయన చేతిలో ఇంకా ఆడుతూనే ఉంది.

నేను చూశానని ఆయనా చూశాడు. పిడిని మెల్లగా బల్ల మీద పెట్టి, చేతిని మళ్లీ కండువాలో చుట్టుకున్నాడు.

“ఎన్నాళ్ల నుంచండీ?” అన్నాను.

“రెండేండ్లాయె. మొదలు చాయ్ గిలాస పట్టుకుంటె వణుకుతుండె. ఇప్పుడు అన్నం ముద్ద గూడ. దవాఖానకు పోతె గోలీలిచ్చిన్రు. ఏసుకుంటె నిద్రొస్తది, వణుకు అట్లనే ఉంటది.”

షట్టరు సగం దించి కూర్చున్నాను. ఆయన అసలు సంగతి అప్పుడు చెప్పాడు.

లింగాచారి వాళ్లది పాత ఉప్పల్. అవుసలి ఇల్లు. మా తణుకు వైపు కంసాలి అంటాం, ఇక్కడ అవుసలి అంటారు. తొమ్మిదో ఏట తండ్రి పక్కన కుంపటి ముందు కూర్చున్న మనిషి, యాభై ఎనిమిదో ఏడు వచ్చినా అక్కడి నుంచి లేవలేదు. ఉప్పల్‌లో పొలాలున్న రోజుల్లో ఏ ఇంట్లో పెళ్లయినా పుస్తెమట్టెలు వాళ్లింటి నుంచే వెళ్లాలి. రెండువేల సంవత్సరం దాటాక పెద్ద పెద్ద నగల షోరూములు వచ్చాయి. పెళ్లివాళ్లు ఏసీలో కూర్చుని కొనుక్కోవడం మరిగారు. ఆయనకు మిగిలినవి తెగిన పట్టీలు అతకడం, వేళ్లకు బిగుసుకుపోయిన ఉంగరాలు కోయడం. కూతురు కల్పన కాప్రాలో కాపురం ఉంటూ బళ్లో పాఠాలు చెబుతుంది. నాన్నా, ఇక పని మానెయ్ అని ఆ అమ్మాయి అంటూనే ఉంటుంది. ఈయన వినడు.

అన్నీ పోయినా వాళ్లింటికి ఒక్క హక్కు మాత్రం మిగిలింది. అది వాళ్ల వాడకట్టు పోచమ్మ కళ్లది. అమ్మవారికి వెండి ముఖం చేయిస్తే, రేకు ఎవరు కొట్టినా సరే, కళ్లు మాత్రం అవుసలి ఇంటివాళ్లే చెక్కాలి. చివరగా, తలుపులు మూసుకుని, ఒక్కో కన్ను చుట్టూ ఎక్కడా ఎత్తకుండా ఒకే గీత. ఆ గీత పడేదాకా అది వెండి, పడ్డాక అమ్మ. ఇలాంటి పని తరానికొకసారి వస్తుంది. ఆయన తండ్రి ఒకసారి చేశాడు. ఇప్పుడు గుడి కమిటీ పెద్ద బిక్షపతి కొత్త ముఖం చేయిస్తానని మొక్కుకున్నాడు. బిక్షపతికి నారపల్లి దగ్గర పొలం ఉండేది. అది ప్లాట్లు పడ్డాక మొక్కులు చెల్లించే స్తోమత వచ్చింది. ఆషాఢ బోనాలకు ముఖం సిద్ధం కావాలి.

“నిజం చెప్పెయ్యండి చారిగారూ. చెయ్యి బాగోలేదంటే తప్పేముంది? వయసు కదా,” అన్నాను.

ఆయన అడ్డంగా తలూపాడు.

“మా నాయిన జేసిన ముఖం తూకంల జరంత తక్కువొచ్చింది సేటూ. వెండి కరిగితె, ఆకురాయి వెడితె, కొంత పోతది. పనోనికి ఎర్కె. ఊరికెట్ల ఎర్కుంటది? అవుసలోడు అమ్మ సొమ్ము తిన్నడన్నరు. తడిబట్టలతోని గుడి ముంగట నిలవెట్టి ఒట్టేపిచ్చుకున్నరు. తిన్నోని చెయ్యి అమ్మ పడగొడ్తది, సూస్తుండు అన్నరు. నాయిన సచ్చేదాక రోజు పొద్దుగాల లేవంగనే చెయ్యి సూసుకునేటోడు. మంచిగనే ఉండె. ఇప్పుడు నాది గిట్లయ్యింది. ఏమంటరు చెప్పు?”

ఆ చెయ్యి వణుకుతుందని తెలిస్తే చాలు, తండ్రి మీద ఎన్నడో వేసిన దొంగతనం ఋజువైపోతుంది. ఆయనకు కావలసింది మిషను కాదు, చేతిని దాచిపెట్టే ఉపాయం. ఆ ఉపాయం నా కొట్టులో దొరుకుతుందని నమ్మి మూడుసార్లు మెట్లెక్కి వచ్చాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఏడవలేక మాటలు మొదలుపెట్టాను. నెమ్మదిగా తిరిగే మిషనైతే బిట్టు పాకదు, బరువైన పిడైతే వణుకును అదిమేస్తుంది, మణికట్టు కింద దిండు పెట్టుకుందాం, మనం సాధిద్దాం అని గడగడా చెప్పేశాను. అందులో ఎంత నిజమో నాకే తెలియదు. ఆయన మొహంలో వెలుగు వచ్చింది. వచ్చాక వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు.

మర్నాడు మూడో మిషను తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. సందులోకి వంగిన పెంకుటిల్లు, చుట్టూ మూడంతస్తుల అపార్టుమెంట్లు. ముందుగదిలో దూలానికి కొక్కెం కొట్టి మోటారు వేలాడదీశాను. గొట్టం పొడుగు సరిచూశాను. పెడల్ నేల మీద పెట్టి, “ఇక నొక్కండి,” అన్నాను, పెద్ద పనేదో చేసినవాడిలా.

ఆయన తన పీట ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూశాడు, పెడల్‌ను చూశాడు. “దేనితోని నొక్కాలె సేటూ?” అన్నాడు.

కాళ్లు రెండూ మడతలో ఉన్నాయి. పద్దెనిమిది రకాల పిడుల గురించి అడక్కుండానే చెప్పే నాకు, అవుసలి నేల మీద కూర్చుని పనిచేస్తాడన్న ముక్క తట్టలేదు. కుర్చీ, బల్లా తెప్పిద్దామన్నాను. నాలుగు రోజులు బల్ల ముందు కూర్చున్నాడు. కాళ్లు వేలాడేస్తే చెయ్యి ఇంకా అదుపు తప్పింది. యాభై ఏళ్లు మోకాలి మీద మోచెయ్యి ఆనించి చేసిన మనిషి. పెడల్‌ను మోకాలి కింద పెట్టి చూశాం. కాలు మొద్దుబారింది. చివరికి ఆయన భార్య ఉప్పలమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చి, ఎదురుగా కూర్చుని, పెడల్‌ను అరచేత్తో నొక్కింది. మిషను సన్నగా పాడింది.

“పెంచు,” అన్నాడాయన. పెంచింది. “ఇగ తగ్గియ్యి.” తగ్గించింది. మూడో మాట అవసరం లేకపోయింది. ఆయన భుజం కదలికను బట్టే ఆమె చెయ్యి నడిచింది. నేను గోడకానుకుని చూస్తూ, ఇన్ని మిషన్లు అమ్మాను గానీ ఇలాంటి పెడల్ ఎక్కడా చూడలేదనుకున్నాను.

ఏప్రిల్, మే, జూన్. వారానికి రెండుసార్లు వెళ్లేవాణ్ని. కొట్టు ఎవరు చూస్తున్నారని మా ఆవిడ హైమావతి అడిగితే పొంతన లేని సమాధానాలు చెప్పేవాణ్ని. ఇసుక కూరిన తోలు దిండు కుట్టించాను. మణికట్టుకు సీసపు పట్టీ కట్టాను. గుండు బిట్టు, గంటు బిట్టు, సన్న బిట్టు, అన్నీ మార్చాను. కొత్తది ఏది పెట్టినా మొదటి రోజు చెయ్యి మాట వినేది. ఆయన సంబరపడి నాకు చాయ్ పోయించేవాడు. మూడో రోజుకు వణుకు దానికి అలవాటుపడి మళ్లీ మొదలయ్యేది. కుడి కన్ను గీత ఎలాగో తేలేది. ఎడమ కన్ను దగ్గర బిట్టు తిరిగే దిశ, చెయ్యి తిప్పాల్సిన దిశ ఎదురెదురయ్యేవి. ఐదింట్లో మూడు పాడయ్యేవి. పాడైన రాగికళ్లు గోనెసంచిలో పోగయ్యాయి. వాటిని బయట పారేస్తే ఎవరైనా చూస్తారని ఉప్పలమ్మ వాటిని బియ్యం డబ్బా వెనక దాచేది.

ఒకరోజు ఆయన నీళ్లు పోసుకోవడానికి వెళ్లినప్పుడు ఆమె నన్ను మెల్లగా అడిగింది. “అన్నా, నువ్వు సదువుకున్నోనివి. నిజం చెప్పు. అయితదా?”

“అవుతుందమ్మా,” అన్నాను.

“నీకు ఎర్కనే లేదు,” అంది. కోపంగా అనలేదు. పెడల్ మీది దుమ్ము కొంగుతో తుడిచి వంటింట్లోకి వెళ్లింది.

బోనాలు ఇంకో మూడు రోజులుండగా, గురువారం పొద్దున ముఖం వచ్చింది. డప్పులతో, పసుపు బట్టలో చుట్టి, బిక్షపతి స్వయంగా తెచ్చాడు. గడపలోనే త్రాసు పెట్టి పదిమంది ముందు తూచారు. ఆ తూకం జరుగుతున్నంతసేపూ లింగాచారి నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. చెయ్యి కండువాలో ఉంది. కొత్త పంచె పెట్టి, బొట్టు పెట్టి, అందరూ బయటికి నడిచారు. తలుపు మూసుకుంది. లోపల ఉండాల్సింది ఆయన ఒక్కడే. కానీ పెడల్ నొక్కే మనిషి లేకపోతే పనే లేదు. ఉప్పలమ్మ ముందే వంటింట్లో ఉండిపోయింది. అది కమిటీవాళ్లకు తెలియదు.

మిషను మనిషినని నన్నూ అరుగు మీద కూర్చోనిచ్చారు. బిక్షపతి పక్కన కూర్చున్నాను.

“మిషన్‌తోని కండ్లు జేసుడు ఎక్కడన్న ఉన్నదా సేటూ?” అన్నాడాయన నెమ్మదిగా. “చారి బాగ జిద్దు జేసిండని ఊకున్న. దగ్గరుండి సూపిస్తివంట గద. ఏమన్న అయితె నీదే జిమ్మెదారి.”

“నాదేనండీ,” అన్నాను. లోపల మిషను పాట మొదలైంది. పాట పెరిగింది, తగ్గింది, సన్నగా సాగింది, ఆగింది. ఎక్కడా కీచుమనలేదు. బిట్టు జారలేదని ఆ చప్పుడును బట్టే నాకు తెలిసింది. ఒక కన్ను అయింది. నేను పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా ఏ దేవుడికీ మొక్కలేదు.

మళ్లీ మొదలైంది. రెండు క్షణాలు తిరిగి ఆగింది. మళ్లీ తిరిగి ఆగింది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. డప్పులవాళ్లు బీడీలు కాల్చడం మానేసి తలుపు వైపు చూస్తున్నారు.

“సేటూ,” లోపలి నుంచి ఆయన గొంతు. “జర లోపలికి రా. మిషన్ ఏందో తీర్గ జేస్తున్నది.”

బిక్షపతి మొహం చూడకుండా లోపలికి వెళ్లి తలుపు వేశాను. లక్కలో పొదిగిన వెండి ముఖం పీట మీద ఉంది. కుడి కన్ను పూర్తయింది. చెప్తే నమ్మరు, తల వెంట్రుకంత వంకర లేదు. ఆ కన్ను నన్నే చూస్తున్నట్టుంటే తల తిప్పుకున్నాను. ఎడమవైపు ఉత్త వెండి. దాని మీద గీత పడలేదు, గాటూ పడలేదు. ఆయన కుడిచేతిని మోకాళ్ల సందున ఇరికించుకుని కూర్చున్నాడు. మోకాళ్లు కూడా ఆ చేతితో పాటే అదురుతున్నాయి. ఉప్పలమ్మ పెడల్ మీద చెయ్యి తీయకుండా గోడ వైపు తిరిగి ఉంది.

“ఇగ గాదు సేటూ,” అన్నాడు గుసగుసగా. “వెడితె అమ్మ కన్ను మీద గాటు వడ్తది. వెట్టకుండ బయటికి పోతె నేను దొంగనైత. మిషన్ ఖరాబైందని చెప్పు. నువ్వే చెప్పాలె. నేను చెప్తె నమ్మరు.”

“చారిగారూ…”

“నీ కాళ్లు మొక్కుత.”

నిజంగానే ఒంగబోయాడు. పట్టుకుని ఆపాను. ఆ చెయ్యి నా చేతిలో కొట్టుకుంటుంటే నాకు ఇంకో ఆలోచన రాలేదు. ఇంత మంచి మిషను, ఇంత మంచి పనివాడు, మూడు నెలల కష్టం, వీటిలో ఏదీ ఎందుకూ పనికిరాలేదు. చేయగలిగింది ఒక్క అబద్ధం చెప్పడమే. సరేనన్నాను. ఉప్పలమ్మ లేచి వంటింట్లోకి పోయింది.

తలుపు తీసి, అరుగు మీద నిలబడి, అంతమంది మధ్య చెప్పాను. “మిషను పాడైపోయిందండీ. లోపలి తీగ తెగింది. తప్పు నాది. నేనిచ్చిన సరుకు మంచిది కాదు.”

నా సరుకును నేనే చెడ్డదనడం అదే మొదలు. బిక్షపతి లేచి నిలబడ్డాడు.

“అమ్మ ముఖాన్ని ఒంటికన్నుతోని కూసోవెట్టినవ్ గదయ్యా! ఉలితోని మంచిగ జేసుకునే మనిషికి మిషన్ అంటగట్టినవ్. మీ ఆంధ్రోళ్ల మాట ఇన్నందుకు మాకు మంచి శాస్తయ్యింది.”

అవి బందులు, రాస్తారోకోలు నడుస్తున్న రోజులు. ఆ మాట ఎన్నోసార్లు బస్సుల్లో విన్నాను, టీవీలో విన్నాను. నా మొహం మీద అనిపించుకోవడం మాత్రం అప్పుడే. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. గుమ్మంలో లింగాచారి కండువా చుట్టుకుని నిలబడ్డాడు. జవాబు మింగేశాను.

“చారీ, ఉలితోని ఇంకో కన్ను జెయ్యరాదు?” అని ఎవరో అడిగారు.

“ఒక కన్ను మిషన్‌తోని, ఒక కన్ను ఉలితోని జేస్తె ఆగమాగమైతది. నేను జెయ్య,” అన్నాడాయన. గొంతు గట్టిగానే ఉంది.

ముఖాన్ని అదే పసుపు బట్టలో చుట్టి సికింద్రాబాద్‌లో వెండి పని చేసే కొట్టుకు తీసుకెళ్లారు. రెండో కన్ను అక్కడి పనివాడు పది నిమిషాల్లో చెక్కిచ్చాడట. దేంతో అని కనుక్కున్నాను. వేలాడే మోటారుతోనే. బోనాల ఆదివారం నాడు దట్టమైన దండల మధ్య ఆ ముఖాన్ని దూరం నుంచి చూశాను. మొక్కే జనానికి రెండు కళ్లూ ఒకలాగే కనిపిస్తాయి. లింగాచారి జాతరకు రాలేదు. జ్వరమని చెప్పారు.

మిషనును వెనక్కి తెచ్చి కొట్టులో పెట్టుకున్నాను. ఉప్పల్ నుంచీ కాప్రా నుంచీ వచ్చే అవుసలివాళ్లు నా దగ్గర కొనడం మానేశారు. గిరిప్రసాద్ సరుకు తీగలు తెగుతాయని చెప్పుకున్నారు. కొన్నాళ్లకు ఆ మాట ఇంకా పెరిగింది. లింగాచారి చెయ్యి వణుకుతోందన్న సంగతి దాచాలన్నా దాగేది కాదు కదా, ఊరికి తెలిసింది. కానీ ఎవరూ తండ్రి మాట ఎత్తలేదు, అమ్మ కోపమనలేదు. మూడు నెలలు ఆ పాడు మిషను పట్టుకోవడం వల్ల నరాలు దెబ్బతిన్నాయన్నారు. అది విన్న రోజు నాకు కోపం రాలేదంటే అబద్ధం. హైమావతి మీద అరిచాను. అన్నం ముందు నుంచి లేచిపోయాను. తర్వాత ఆలోచిస్తే, మేమిద్దరం దాచలేకపోయిన చేతిని ఆ పుకారే దాచిందనిపించింది. సరేలే అనుకున్నాను.

రెండేళ్లు ఆ వీధికి వెళ్లలేదు. 2014 జూన్‌లో ఉప్పల్‌లో ఒకరికి డ్రిల్లు మిషను ఇవ్వాల్సి వచ్చి వెళ్లాను. రాష్ట్రం వచ్చిన వారం. గులాబీ రంగు కాగితాలు ఇంకా తీగలకు వేలాడుతున్నాయి. లింగాచారి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కండువా లేదు. కుడిచెయ్యి ఒళ్లో బాహాటంగా ఆడుతోంది. మనిషి సగమైపోయాడు. నన్ను చూసి కూర్చోమన్నాడు. ఉప్పలమ్మ చాయ్ తెచ్చి, ఆయన గ్లాసు కిందికి తన అరచెయ్యి పట్టి తాగించి, లోపలికి వెళ్లింది.

కాసేపు ఊసుపోక మాట్లాడుకున్నాం. కల్పనకు ట్రాన్స్‌ఫరయిందన్నాడు. ఆ తర్వాత తన చేతినే చూసుకుంటూ అన్నాడు.

“ఎంత మంచిగుండె సేటూ నా చెయ్యి. బరువు పిడి, పొద్దందాక పట్టుకుంటి. అప్పట్సంది గిట్లయ్యింది. గా మిషన్ నాకెందుకిచ్చినవ్?”

నేను వీధి అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. వినేవాళ్లే లేనప్పుడు ఈ మాట ఎవరి కోసం? మన ఇద్దరికీ తెలుసులే అన్న నవ్వు కోసం ఆయన మొహంలో వెతికాను. లేదు. నిజంగానే అడుగుతున్నాడు. జవాబు కోసం నా వైపే చూస్తున్నాడు.

“తప్పయిపోయింది చారిగారూ,” అన్నాను.

“పోనియ్ తియ్. కావాలని ఇచ్చినవా ఏంది,” అని ఆయన నన్ను క్షమించాడు.